మాత్ర వాడుతున్నా ముల్లు కదలనప్పుడు: ఆర్లిస్టాట్ మీద ఉన్న 41 ఏళ్ల మహిళ కేసు

విశాఖపట్నంలో బరువు తగ్గించే వైద్యంలో మాటిమాటికీ ఎదురయ్యే సంగతుల్ని ఒకే మనిషి చుట్టూ పేర్చి రాసిన కేసు ఇది. ఏ ఒక్కరి వివరాలూ కావు. కానీ లెక్కలు, మందుల వేళలు, జరిగే పొరపాట్లు ఇందులో ఉన్నట్టే ఉంటాయి.

ఎంవీపీ కాలనీలో ఇల్లు, గాజువాక వైపు ఆఫీసు, రోజంతా కుర్చీలో పని. ఎత్తు 158 సెం.మీ., వైద్యం మొదలుపెట్టిన నాటి బరువు 84 కిలోలు, బీఎంఐ 33.6. మన దేశంలో బీఎంఐ 25 దాటితేనే స్థూలకాయం అంటాం. ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెం.మీ. మించకూడదు, ఈమెకు 98. థైరాయిడ్ తక్కువగా ఉండటంతో నాలుగేళ్లుగా లెవోథైరాక్సిన్ 75 మైక్రోగ్రాములు వాడుతున్నారు. ఆర్లిస్టాట్ 120 మి.గ్రా. మూడు పూటలా మొదలుపెట్టాక ఐదు నెలల్లో 7.4 కిలోలు తగ్గి 76.6కు వచ్చారు. అక్కడ ఆగిపోయింది. తొమ్మిది వారాలుగా ముల్లు 76.2కూ 77కూ మధ్యే ఊగుతోంది. "అన్నం కొంచెమే తింటున్నానండి, మాత్ర పని చేయడం మానేసినట్టుంది, ఇంకాస్త పవరున్నది రాయండి" అన్నది ఆమె కోరిక.

పవర్ పెంచడానికి ఏమీ లేదు. ఆర్లిస్టాట్ రోజుకు 120 మి.గ్రా. మూడుసార్లు మించి వేసుకుంటే అదనపు ఫలితం రాదు. ఈ మందు ఆకలిని చంపదు, ఒంట్లో కొవ్వును కరిగించదు. పేగులో కొవ్వును అరిగించే లైపేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది, అంతే. తిన్న కొవ్వులో సుమారు 30 శాతం అరక్కుండా బయటికి పోతుంది. ఆ పూట 15 గ్రాముల కొవ్వు తింటే నాలుగున్నర గ్రాములు, అంటే 40 కేలరీలు పోతాయి. రోజు మొత్తంలో 50 గ్రాములు తిని, అన్ని పూటలా మాత్ర సరిగ్గా వేసుకుంటే 135 కేలరీలు. అన్నం, చక్కెర, బెల్లం, బిస్కెట్లలోని పిండి జోలికి ఇది అసలు వెళ్లదు. ఈ ఒక్క లెక్క రోగికి మొదటి రోజే చెప్పి ఉంటే సగం ప్లాటోలు, అంటే తగ్గుతున్న బరువు ఒకచోట ఆగిపోవడాలు, రావని మా గట్టి అభిప్రాయం.

ఇది నిజంగా ప్లాటోయేనా?

ముందు తేల్చాల్సింది ఇదే. వారం పాటు బరువు కదలకపోవడం ప్లాటో కాదు. నెలసరికి ముందు కిలో, కిలోన్నర నీరు పడుతుంది. ఆవకాయ, ఉప్పు చేప తిన్న మర్నాడు ముల్లు పైకి వెళ్తుంది. మన ఊరి ఉక్కపోతలో సాయంత్రం నడిచొచ్చి చూసుకుంటే ఉత్తినే 700 గ్రాములు తగ్గినట్టు కనిపించి, రెండు గ్లాసుల నీళ్లతో తిరిగొచ్చేస్తుంది. అందుకని ఉదయం లేచి, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, టీ తాగకముందు, ఒకే రకం బట్టలతో చూసుకుని, ఏడు రోజుల సగటు తీయమంటాం. ఆ సగటు వరుసగా నాలుగు వారాలు కదలకపోతే, నడుము కొలత కూడా తగ్గకపోతే అప్పుడు ప్లాటో. నడుమును చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. ఈమెకు 92 దగ్గర ఆగిపోయింది. అంటే నిజమైన ప్లాటోయే.

ఐదు నెలల్లో 8.8 శాతం తగ్గారు కాబట్టి మందు పని చేయని మనిషి కాదు. పన్నెండు వారాల్లో కనీసం 5 శాతం తగ్గకపోతే ఆర్లిస్టాట్ ఆపేయడమే వాడుకలో ఉన్న పద్ధతి. ఆ గీత ఈమె ఎప్పుడో దాటారు.

స్ట్రిప్ చెప్పిన సంగతి

మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే అందరూ వేసుకుంటున్నామనే అంటారు. స్ట్రిప్పులు తెమ్మని అడగడం మేలు. తొమ్మిది వారాలకు 189 క్యాప్సూళ్లు అయిపోవాలి. మందుల షాపు బిల్లుల ప్రకారం కొన్నది 12 స్ట్రిప్పులు, అంటే 120. ఇంకా నాలుగు మిగిలే ఉన్నాయి. వాడింది 116, వేసుకోవాల్సిన దాంట్లో 61 శాతం.

ఎన్ని మానేశారన్నదాని కంటే ఏ పూట మానేశారన్నది ముఖ్యం. ఇడ్లీ తిన్న పొద్దున మాత్ర తప్పలేదు. ఆఫీసులో బిర్యానీ తెప్పించుకున్న రోజు, ఆదివారం కోడికూర పూట, చుట్టాలింటి భోజనం పూట వేసుకోలేదు. ఎందుకో ఆమె తడుముకోకుండా చెప్పారు. నూనె కూడు తిన్న రోజు మాత్ర వేసుకుంటే బట్టలకు జిడ్డు మరక అవుతోంది, ఆఫీసులో కూర్చోలేకపోతున్నారు. ఆమె బాధ నిజమే. కానీ ఫలితం ఏమైంది? కొవ్వు 6 గ్రాములున్న ఇడ్లీ పూట మాత్ర పడి 16 కేలరీలు ఆపింది. 45 గ్రాములున్న బిర్యానీ పూట 120 కేలరీలు ఆపాల్సింది, వేసుకోనే లేదు. మందు అవసరం లేని పూట ఖర్చయింది, అవసరమైన పూట డబ్బాలో ఉండిపోయింది. ఆర్లిస్టాట్ వాడేవాళ్లలో బరువు ఆగిపోవడానికి మేం మొట్టమొదట వెతికేది ఈ తిరగేసిన వాడకాన్నే.

ఆ డబ్బా సంగతి కూడా చెప్పాలి. క్యాప్సూళ్లను స్ట్రిప్పుల నుంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పొయ్యి పక్క అలమరలో పెట్టుకున్నారు. ఆర్లిస్టాట్‌ను 25 డిగ్రీల లోపు, తేమ తగలకుండా ఉంచాలి. సముద్రం పక్క ఊళ్లో వంటగది అందుకు పనికిరాదు. స్ట్రిప్‌లోనే ఉంచి, పడగ్గది బీరువాలో పెట్టుకోవాలి.

థైరాయిడ్ మాత్రతో పేచీ

రక్త పరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోన్) 9.2 వచ్చింది. ఆర్లిస్టాట్ మొదలుపెట్టే ముందు 2.8 ఉండేది. మోతాదు మారలేదు, మాత్ర తప్పలేదు. వేళ మారింది. ఏడున్నరకు లెవోథైరాక్సిన్, ఎనిమిదింపావుకు టిఫిన్, దాంతో ఆర్లిస్టాట్. ఈ రెండింటికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. ఇలాంటప్పుడు టీఎస్‌హెచ్ చూసి వెంటనే మోతాదు 100కు పెంచేయడం మామూలుగా జరిగే తప్పు. తర్వాత ఎప్పుడో ఆర్లిస్టాట్ ఆపితే అదే మోతాదు ఎక్కువై గుండెదడ వస్తుంది. ముందు వేళ సరిచేసి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయాలి.

ఒక్క మాట. బరువు ఆగిపోవడానికి కారణమంతా థైరాయిడ్ మీదికి నెట్టకూడదు. ఇంతమాత్రం తేడాతో వచ్చే బరువు కిలో, రెండు కిలోలకు మించదు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరే.

మిగతా పరీక్షల్లో మూడు నెలల చక్కెర సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.0, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ 0.7, లివర్ పరీక్షలు మామూలుగానే ఉన్నాయి. విటమిన్ డి 14, తక్కువే. ఆర్లిస్టాట్ కొవ్వుతో పాటు ఏ, డి, ఇ, కె విటమిన్లను కూడా బయటికి పంపేస్తుంది కాబట్టి ఇది ఊహించిందే. రోజూ మల్టీవిటమిన్ వేసుకోమని చెప్పినా ఆమె దాన్ని రాత్రి భోజనంతో, ఆర్లిస్టాట్‌తో కలిపే మింగుతున్నారు. రెండింటికీ రెండు గంటల తేడా ఉండాలి.

క్రియాటినిన్ చూడకుండా ఈ మందు మొదలుపెట్టకూడదని ఉత్తరాంధ్రలో మరీ గట్టిగా చెప్పాలి. అరగని కొవ్వు పేగులో కాల్షియాన్ని పట్టుకుపోతే, తిండిలోని ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువగా రక్తంలోకి చేరి కిడ్నీల్లో పేరుకుంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చినవారు, కిడ్నీ జబ్బున్నవారు, రాళ్లు వచ్చినవారు ఆర్లిస్టాట్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. అలాంటివారు ఈ మందుతో పాటు రోజూ పాలకూర, గోంగూర తింటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

ఇంకో క్యాప్సూల్

బీపీ 146/94, నాడి 106. నోరు పిడచకట్టడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. ఆర్లిస్టాట్ వల్ల ఇవేవీ రావు. థైరాయిడ్ తక్కువైతే నాడి తగ్గాలి గానీ పెరగకూడదు. బ్యాగులో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమంటే బయటపడింది: ఆన్‌లైన్‌లో కొన్న "మూలికల" స్లిమ్మింగ్ క్యాప్సూల్. తయారీ లైసెన్స్ నంబరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. బరువు ఆగాక ఆరు వారాలుగా రోజుకొకటి వేసుకుంటున్నారు.

ఇలాంటి వాటిలో సైబుట్రమిన్ అనే ఆకలి తగ్గించే మందు కలిపి అమ్మడం ప్రపంచమంతా పట్టుబడుతున్న మోసం. గుండె జబ్బున్నవారి మీద జరిగిన స్కౌట్ అధ్యయనంలో దానివల్ల గుండెపోటు, పక్షవాతం ముప్పు 16 శాతం పెరిగినట్టు తేలడంతో 2010లో ఐరోపా, అమెరికాల్లో ఆగిపోయింది. మన దేశంలో 2011 ఫిబ్రవరిలో నిషేధించారు. ఈమె వాడిన క్యాప్సూల్‌లో ఏముందో ల్యాబ్ పరీక్ష లేకుండా చెప్పలేం, కానీ లక్షణాలు మాత్రం ఆ వైపే చూపిస్తున్నాయి. ఆ రోజే ఆపించి, ఈసీజీ తీసి, రెండు వారాల తర్వాత చూస్తే బీపీ 128/82, నాడి 82. అనుమానం ఉన్న ప్రతి మందు గురించీ జాతీయ ఫార్మకోవిజిలెన్స్ హెల్ప్‌లైన్ 1800-180-3024కు తెలపాలి. రోగులు కూడా నేరుగా ఫోన్ చేయొచ్చు.

కేలరీలు ఎక్కడికి చేరాయి

బరువు తగ్గిన ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది. ప్రతి కిలోకు రోజుకు 20 నుంచి 30 కేలరీలు తగ్గుతాయని లెక్క. 7.4 కిలోలకు సుమారు 185. మొదట్లో రోజుకు 2,050 ఖర్చయ్యే ఒంటికి ఇప్పుడు 1,860 చాలు. పైగా కిలో తగ్గినకొద్దీ ఆకలి దాదాపు రోజుకు 100 కేలరీల చొప్పున పెరుగుతుంది. దీన్ని మనసు గట్టిగా లేకపోవడం అనుకుని రోగిని నిందించడం అన్యాయం. ఒళ్లు పోయిన కొవ్వును వెనక్కి రాబట్టుకోవాలని చూస్తుంది.

ఆమె డైరీలో రోజుకు 1,450 అని రాసుంది. వంటింటి త్రాసు ఇచ్చి, ఐదు రోజులు వండక ముందూ, పళ్లెంలో పెట్టాకా తూచి ఫొటో పంపమన్నాం. 1,850 తేలింది. ఆ 400 ఇలా వచ్చాయి. "ఒక కప్పు" అన్నం త్రాసు మీద 290 గ్రాములు. డైరీలో లెక్క వేసింది 150కి. అక్కడే 180 పోయాయి. టిఫిన్‌లోకి "రెండు చెంచాల" పల్లీ చట్నీ గరిటెతో పడుతోంది, 90 ఎక్కువ. ఆఫీసు టీలు డైరీలో లేనే లేవు, 70. పిల్లాడి పళ్లెంలో మిగిలిన పెరుగన్నం, దోసె ముక్క, పారేయలేక తినేది 60. ఒక్కటీ తిండిపోతుతనం కాదు. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, ఎంత కట్టడి చేసినా తగ్గడం లేదన్నవారు తిన్నదానిలో 47 శాతం తక్కువ చెప్పారు. వాళ్లెవరూ అబద్ధమాడలేదు.

నూనెను చెంచాలతో కొలవమంటే ఎవరూ నిలబడరు. ప్యాకెట్లతో లెక్కపెట్టాలి. నలుగురున్న ఇంట్లో నెలకు లీటరు ప్యాకెట్లు ఐదు. లీటరు తూకం 910 గ్రాములు. 4,550ని 30 రోజులకూ, నలుగురికీ పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 కేలరీలు. పాలు, గుడ్లు, పల్లీలు, మాంసంలోని కొవ్వు దీనికి అదనం. మూడు ప్యాకెట్లకు తగ్గిస్తే మనిషికి 23 గ్రాములు. ఒకటో తారీఖున మూడు ప్యాకెట్లు అలమరలో పెట్టి, నాలుగోది కొనకూడదన్నదే నియమం. ఇది ఇంట్లో అందరికీ వర్తిస్తుంది కాబట్టి ఆమెకు వేరే వంట అక్కర్లేదు.

మార్చినవి

మందుల వేళలు మొదట. ఉదయం 5:30కి లేవగానే లెవోథైరాక్సిన్ నీళ్లతో. 8:15కి కొవ్వు తక్కువ టిఫిన్, ఆ పూట ఆర్లిస్టాట్ లేదు. కొవ్వు లేని పూట మానేయొచ్చని మందు సూచనల్లోనే ఉంది. మధ్యాహ్నం 1 గంటకూ, రాత్రి 8 గంటలకూ భోజనంతో ఆర్లిస్టాట్. మర్చిపోతే తిన్న గంటలోపు వేసుకోవచ్చు, దాటితే వదిలేయాలి. 10:30కి పడుకునేముందు మల్టీవిటమిన్. విటమిన్ డి 60,000 యూనిట్లు ఆదివారం ఉదయం టిఫిన్‌తో, ఎనిమిది వారాలు. ఇలా పెడితే థైరాయిడ్ మాత్రకూ ఆర్లిస్టాట్‌కూ రెండు వైపులా ఏడు గంటలకు పైగా ఎడం వస్తుంది, రోజుకు ఒక పూట మందు ఖర్చూ తగ్గుతుంది.

జిడ్డు మరక సమస్యను తీర్చకుండా మాత్ర మానొద్దని చెప్పడం దండగ. ఒక పూటలో కొవ్వు 20 గ్రాములు దాటితేనే అది ఎక్కువగా వస్తుంది. రోజు కొవ్వును రెండు భోజనాలకూ సమంగా పంచాం. రాత్రి భోజనానికి ముందు ఇసబ్‌గోల్ 6 గ్రాములు పెద్ద గ్లాసు నీళ్లతో ఇచ్చాం. నూనెను పీల్చుకుని జిడ్డు కారడం బాగా తగ్గిస్తుంది. విందు భోజనం తప్పదనుకున్న పూట మాత్ర మానేయొచ్చు, కానీ నెలకు నాలుగు పూటలు మించకూడదు. క్యాలెండర్ మీద గుర్తు పెట్టాలి.

కొవ్వును మరీ సున్నా చేయడం కూడా తప్పే. జిడ్డుకు భయపడి నూనె మానేసి, ఆకలికి అన్నం పెంచుకునేవాళ్లుంటారు. అప్పుడు మాత్ర ఆపడానికి ఏమీ ఉండదు. పైగా కొవ్వు లేని తిండితో వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వస్తాయి.

తిండి రోజుకు 1,400 కేలరీలు, ప్రొటీన్ 80 గ్రాములు, కొవ్వు 45 గ్రాముల లోపు. ఒక రోజు నమూనా ఇది. టిఫిన్‌కు 60 గ్రాముల పెసలతో పెసరట్లు, ఒక చెంచా నూనె, అల్లం పచ్చడి. మధ్యాహ్నం అన్నం 150 గ్రాములు తూచి, పండుగప్ప 120 గ్రాములు రెండు చెంచాల నూనెతో పులుసు, బీరకాయో పొట్లకాయో కూర, పెరుగు 100 గ్రాములు. సాయంత్రం వేయించిన శనగలు 25 గ్రాములు. రాత్రి 50 గ్రాముల పిండితో రెండు చిన్న జొన్నరొట్టెలు, 30 గ్రాముల కందిపప్పుతో పప్పుకూర, ఒక గుడ్డూ రెండు తెల్లసొనలూ, చెంచాన్నర నూనె. చక్కెర లేని టీలు రెండు. ఇవన్నీ కలిపితే దాదాపు 1,390. ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్లో ప్రొటీన్‌కు డబ్బాల పౌడర్లు కొనక్కర్లేదు. కానాగంతల్లో కొవ్వు ఎక్కువ కాబట్టి అవి తిన్న పూట పులుసులో నూనె ఒక చెంచాకు తగ్గించాలి.

ప్రొటీన్ ఎందుకు పెంచామంటే కండ కరిగితే ఖర్చు ఇంకా పడిపోతుంది. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాల బలం కసరత్తు: కుర్చీలోంచి లేచి కూర్చోవడం 10 చొప్పున మూడు విడతలు, గోడకు పుషప్‌లు, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తడం. నడక రోజుకు 4,200 అడుగుల నుంచి 8,000కు. ఉదయం వాహనాలు ఆపే వేళ బీచ్ రోడ్ మంచిదే, కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కైలాసగిరి మెట్లు వద్దు. నడక అయ్యాక ఆర్కే బీచ్ దగ్గర రెండు మిరపకాయ బజ్జీలు తింటే ఆ అరగంట లెక్క అక్కడికక్కడే చెల్లు.

తర్వాత

మొదటి రెండు వారాల్లో సగటు 76.5కే వచ్చింది. ఇక్కడే చాలామంది వదిలేస్తారు. నాలుగో వారానికి 75.8, ఎనిమిదో వారానికి 74.1, పన్నెండో వారానికి 72.9. నడుము 88. ఎనిమిదో వారంలో టీఎస్‌హెచ్ అదే 75 మైక్రోగ్రాముల మీద 3.1. లెక్క ప్రకారం సుమారు 5 కిలోలు తగ్గాలి, తగ్గింది 3.7. మధ్యలో ఒక పెళ్లి వారం ఉంది, 900 గ్రాములు పెరిగి పది రోజుల్లో దిగింది. ఒళ్లు ఖర్చును ఇంకాస్త కోసుకుంది. ఈ తేడా ఎప్పుడూ ఉంటుంది.

ఇవేవీ చేయకుండా వేరే మందులోకి దూకితే ఏమవుతుందో చెప్పాలి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఆకలినే తగ్గిస్తాయి కాబట్టి ఆర్లిస్టాట్ కంటే చాలా బలమైనవి. టిర్జెపటైడ్ మన దేశానికి 2025 మార్చిలో వచ్చింది. మధుమేహం, నిద్రలో శ్వాస ఆగడం వంటివి ఉన్నవారికి వాటి గురించి ముందుగానే ఆలోచించాలి. కానీ వాటి మీద కూడా ఏడాది దాటేసరికి బరువు ఒకచోట నిలుస్తుంది. ఈమె విషయంలో పన్నెండు వారాలు వేళలూ తూకాలూ పాటించి కూడా ముల్లు కదలకపోయుంటే అదే తర్వాతి మెట్టు. ప్లాటో వచ్చినప్పుడు, బరువు పెంచే వేరే మందులేవైనా వాడుతున్నారేమో కూడా చూడాలి: గ్లిమిపిరైడ్, ఇన్సులిన్, పయోగ్లిటజోన్, వాల్‌ప్రోయేట్, ఒలాంజపైన్, అమిట్రిప్టిలిన్, అటెనలాల్, కీళ్ల నొప్పుల పొడుల్లో కలిపే స్టెరాయిడ్లు. ఇవి ఉంటే ముందు వాటిని రాసిన డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా ఆపకూడదు.

బరువు కోసం థైరాక్సిన్ మోతాదు పెంచుకోవడం, నీరు పోయే మాత్రలు వేసుకోవడం, 800 కేలరీలకు దిగిపోవడం, ఈ మూడూ ఎవరు సలహా ఇచ్చినా వద్దు. గర్భం ఉన్నా, పిత్తం ఆగిపోయే లివర్ జబ్బు ఉన్నా ఆర్లిస్టాట్ వాడకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూపే పరీక్ష) దగ్గర దగ్గరగా చూడాలి. మూర్ఛ మందులు, సైక్లోస్పోరిన్ మీద ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. వాడేటప్పుడు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా, కుడి పక్కటెముకల కింద నొప్పి వచ్చినా మాత్ర ఆ పూటే ఆపి లివర్ పరీక్ష చేయించాలి. అరుదే అయినా తీవ్రమైన లివర్ దెబ్బ గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2010లో హెచ్చరికను లేబుల్‌లో చేర్పించింది.

ఇప్పుడు 72.9 కిలోల ఒంటికి రోజు ఖర్చు మళ్లీ లెక్కగట్టి, ఎనిమిది వారాల పాటు 1,650 కేలరీలతో ఇదే బరువు నిలిపి ఉంచడం ప్రస్తుతపు పని. మాత్రలు రెండు పూటలా కొనసాగుతాయి. నూనె ప్యాకెట్లు మూడే. అన్నం మాత్రం పెంచాం. ఎనిమిది వారాల చివర సగటు 73.5 దాటకుండా ఉంటే మళ్లీ 1,400కు దిగి తర్వాతి నాలుగు కిలోలు చూస్తాం. దాటితే త్రాసు బయటికి తీసి మరో ఐదు రోజులు తూచి రాయాలి. టీఎస్‌హెచ్, విటమిన్ డి, క్రియాటినిన్ ఆ వారమే.